వదిన తోటకి నీళ్లు

భవానీపురంలో నా కంప్యూటర్ రిపేరు షాపుకి ఎంతోమంది వచ్చారు గానీ, ఎర్రర్‌ని పైటకొంగుతో తుడిచిన మనిషి మాత్రం ఆ పిన్నిగారొక్కరే. చేపల వ్యాపారం ఆవిడది. పాత సీపీయూని తువ్వాల్లో చుట్టి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు.

"బాబూ, తోట ఆట తెరుచుకోవడం లేదు. కాస్త చూడు."

అది ఆన్‌లైన్ ఆట. మన తోటకి మనం నీళ్లు పెట్టుకోలేం, అవతలివాళ్లు పెట్టాలి. గన్నవరంలో ఉండే వదినగారూ ఈవిడా రోజూ పొద్దున్నే ఒకరి తోటకి ఒకరు పెట్టేవారట. వదినగారి కూతురి పెళ్లికి బొట్టు పెట్టి పిలవలేదని ఈవిడ మాటలు మానేశారు. నీళ్లు మాత్రం మానలేదు.

బ్రౌజర్ మార్చాను, ఆట నడిపే పాత ప్లేయర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. ఎర్రర్ వచ్చినప్పుడల్లా ఆవిడ లేచి, అదేదో దుమ్మైనట్టు స్క్రీన్ తుడిచి, "ఇప్పుడు చూడు" అనేవారు. చివరికి అసలు సంగతి తెలిసింది.

"మీ సిస్టం బానే ఉంది పిన్నిగారూ. ఆటనే కంపెనీవాళ్లు మూసేశారు. ఇక ఎవరికీ రాదు."

"అయ్యో, నేనే నీళ్లు మానేశాననుకుంటుందేమో మా వదిన!"

ఫోన్ తీసి, దాన్నీ ఓసారి కొంగుతో తుడిచి, నంబరు నొక్కారు.

"వదినా, నేను మానలేదండీ. ఆటే మూసేశారంట."

అవతలి నుంచి వదినగారి గొంతు నాక్కూడా వినపడేంత గట్టిగా, "నీ మొక్కలు ఎండిపోతాయని మా కంప్యూటర్ రిపేరుకిచ్చానే!"

పిన్నిగారు అట్నించటే గన్నవరం బస్సెక్కారు. సీపీయూ ఇంకా నా షాపులోనే ఉంది.