సున్నాలు పడిన ఆరు చెట్లు

రావులపాలెంలో బస్సు ఆగింది. పక్కన లారీకి కొబ్బరికాయలు ఎత్తుతున్నారు. పచ్చి పీచు వాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది. ఆ వాసనకు నాకు రత్నకుమారి మేడమ్ ల్యాబ్ గుర్తొస్తుంది. అమలాపురంలో రెండు గదులు, నాలుగు కంప్యూటర్లు, బల్లల కింద నంబర్లు వేసిన కాయలు. కొబ్బరి తెగుళ్ళ మీద ఆమె పరిశోధన. లెక్కలు కట్టే ప్రోగ్రాములన్నీ తనే రాసుకునేవారు.

ఇంజినీరింగ్ చదివి ఆమె దగ్గర చేరిన నేను ఆ కోడ్‌లో మూడు లోపాలు పట్టాను: వేరియబుళ్ళకు తోటల యజమానుల పేర్లు, ఒకే పని రెండుచోట్ల, అడుగడుగునా మినహాయింపులు. "ఇంత శ్రమ ఎందుకండీ? రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ దొరుకుతుంది కదా" అన్నాను. "అది రాసినాయన మన తోటలు చూసేరా బాబూ?" అని నవ్వారు. నన్ను మాత్రం ఆపలేదు.

మినహాయింపులన్నీ తీసేసి, డేటాను ఆ సాఫ్ట్‌వేర్‌లో వేశాను. కాయలు దించే రోజును ఇక్కడ దింపు అంటారు. వరసగా మూడు దింపుల్లో సున్నా వచ్చిన చెట్టు తెగులుతో పోయినట్టే అని నియమం పెట్టాను. కొట్టేయాల్సిన చెట్ల జాబితా ముచ్చటగా వచ్చింది. సోమవారం రైతులకు పంపాలి. మేడమ్ కళ్ళజోడు సర్దుకుని చదువుతూ ఒకచోట ఆగారు.

"సత్యవతి గారివి ఆరు చెట్లు పోయేయా? మొన్న వాటి నీడనే కూర్చున్నానే!"

"డేటాలో సున్నాలున్నాయండీ."

"ఆయ్. చెప్పులేసుకోండి."

కొత్తపేట దాటాక ఆ తోట. ఆరు చెట్లూ గెలలతో నిండుగా ఉన్నాయి. జాబితా చూసి సత్యవతి గారు బుగ్గలు నొక్కుకున్నారు.

"కొట్టేయాలా? బాబోయ్, తోట మొత్తానికి ఇవేనండీ గట్టివి! విత్తనానికి వదిలేం. ముదిరేదాకా దింపువాళ్ళని ఎక్కనివ్వం. ఈ బాబు గారు ఎప్పుడైనా తలెత్తి చెట్టు చూసేరా అండీ?"

నాకు తలెత్తాలనిపించలేదు. ఆ సంగతి మేడమ్ కోడ్‌లో ఉంది. నేను తీసేసిన మినహాయింపుల్లో పదకొండోది.

తిరుగు ప్రయాణంలో ఆమె కోప్పడలేదు. "వేరేవాళ్ళకి రాయమని చెప్పాలంటే ఏం కావాలో ముందే నాకు తెలియాలి కదా బాబూ. నాకు రాస్తుంటేనే తెలుస్తుంది. ఒక్కో లైనూ ఒక్కో తోటలో నేర్చుకున్నాను" అన్నారు. ఆ సాయంత్రమే పాత కోడ్ మళ్ళీ ఎక్కించి, ఆరు చెట్లనూ జాబితాలోంచి తీసేశాను.

మేడమ్ రిటైరయ్యాక ఆ కోడ్ నాకిచ్చారు. ఇప్పటికి చాలా లైన్లు కలిపాను; సత్యవతి గారి పేరు ఉన్నచోటే ఉంది. ఈ ఉదయం మా కొత్త విద్యార్థిని దాన్ని చూసి, "ఇంత గజిబిజి ఎందుకు సార్, ఒకటి కొనేద్దాం" అంది. ఆమె చేతిలోని పట్టికలో ఆలమూరు తోట ఎదురుగా తొమ్మిది సున్నాలు. నేను బల్ల కింద చెప్పుల కోసం వెతుక్కున్నాను.

బస్సు కదిలింది. "దిగాక చాలా నడవాలా సార్?" అని పక్క సీట్లోంచి అడుగుతోంది.