మందు తాగిండన్నరు

క్రిస్మస్ మర్నాటి నుంచి కొత్త సంవత్సరం దాకా ఉండే ఆ ఖాళీ రోజులంటే చిన్నప్పుడు నాకు ప్రాణం. ఇంటి మీద నక్షత్రం ఇంకా వేలాడుతూనే ఉంటుంది, డబ్బాలో తీపి గరిజెలు మిగిలే ఉంటాయి, చేయాల్సిన పని మాత్రం ఉండదు. ఉద్యమం నడుస్తున్న ఆ ఏడాది అవే రోజులు మమ్మల్ని కొరుక్కు తిన్నాయి.

ప్రత్యేక రాష్ట్రం వస్తుందని ఆ నెల మొదట్లో చెప్పారు. మా తమ్ముడు యూనివర్సిటీ హాస్టల్లో రంగులు చల్లుకుంటూ ఫోన్లో అరిచిన అరుపు ఇంకా నా చెవుల్లో ఉంది. సరిగ్గా పండుగ ముందర మాట మార్చారు. హాస్టళ్లు మూసేశారు. వాడు మా ఊరు దేవరుప్పులకు వచ్చి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తినమంటే తింటాడు, లేవమంటే లేస్తాడు. ప్రాణాలు తీసుకున్న పిల్లల ఫొటోలు టీవీలో వస్తుంటే రెప్ప వేయకుండా చూస్తాడు. నాకు ఒళ్లు మండి టీవీ వైరు పీకేశాను. వాడు ఎందుకని కూడా అడగలేదు. టీవీ కోసం నాతో కొట్లాడకుండా ఒక్కరోజూ పెరగనివాడు అట్లా ఊరుకుంటే నాకు భయమేసింది.

మా వాడలోనే ఒక తల్లి కొడుకు అప్పటికే అట్లాగే ప్రాణం తీసుకున్నాడు. మా తమ్ముడి ఈడు వాడే. ఆమె క్రిస్మస్ ఆరాధనకు వచ్చి చాప మీద మా అమ్మ పక్కనే కూర్చుంది. కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది, పాట పాడలేదు, ఆమెన్ అనలేదు. మా వాడు కూడా ఆ పని చేస్తాడేమోనని ఇంట్లో ముగ్గురికీ భయమే. ముగ్గురిలో ఒక్కరమూ నోరు విప్పలేదు. బాపు పత్తికి కొట్టే మందు డబ్బాలన్నీ సంచిలో వేసుకుని పోయి ఎక్కడో పెట్టి వచ్చాడు. ఎక్కడని మేం అడగలేదు. అమ్మ వాణ్ని ఒంటరిగా వదలకుండా ఏదో ఒక పని కల్పించేది. "జర బైబిలు సదువు బిడ్డా, కండ్లు కనవడ్తలెవ్వు" అనేది. అదే పొద్దున సూదిలో దారం ఎక్కించిన కళ్లవి!

గోడను చూసీ చూసీ పాడైపోతాడనుకుందో ఏమో, ఒకరోజు అమ్మే గరిజెల డబ్బా వాడి చేతికిచ్చింది. "కొడకండ్లల మీ మామ ఎదురుసూస్తుండు. ఇచ్చి జల్ది రా" అంది. వాడు బాపు బండి మీద పోయాడు. బండి మలుపు తిరగ్గానే నేను అమ్మ మీద ఎగిరాను.

"ఒక్కన్నే ఎందుకు తోలినవే?"

"ఎన్ని దినాలు కట్టేసుకుంటమే?" అంది. అని, గడపలోనే కూర్చుండిపోయింది.

మధ్యాహ్నం దాటాక మామ ఫోన్ చేశాడు. "అక్కా, పిల్లగాడు మందు తాగిండే. పడిపోయిండు. జర జల్ది రాండ్రి." అంతే, ఫోన్ కట్టయింది. మళ్లీ చేస్తే కలవదు.

బాపు నెత్తి కొట్టుకున్నాడు. "మన ఇంట్లయి దాసిపెట్టిన గని, మీ తమ్ముని ఇంట్లయి ఎవడు దాసిండు?"

ఆ రోజు బంద్. బస్సుల్లేవు. పక్కింటాయనను బతిమాలి ఆయన ఆటోలో బయల్దేరాం. దారిలో వంటావార్పు చేస్తున్నారు. నడిరోడ్డు మీద పొయ్యిలు, అన్నం గుండిగలు, అడ్డంగా బండరాళ్లు. ఒక పిల్లవాడు జెండా కర్రతో ఆటోను కొట్టాడు. "బంద్ అని ఎరకలేదా? వాపస్ తిప్పు!"

అమ్మ కిందికి దిగింది. "నా కొడుకు మందు తాగిండు బిడ్డా" అంది.

ఏ మందని ఒక్కరూ అడగలేదు. కొందరు రాళ్లు దొర్లించారు, కొందరు కాలుతున్న గుండిగను తువ్వాళ్లతో పట్టి పక్కకు లాగారు. మమ్మల్ని ఆపిన పిల్లవాడే బండెక్కి, "జరుగుండ్రి, జరుగుండ్రి" అని ఏడుస్తూ కొడకండ్ల దాకా మా ముందు పోయాడు. నేను దారి పొడుగునా అమ్మ చేయి పట్టుకున్నాను.

మామ వాకిట్లో నులకమంచం మీద తమ్ముడు బోర్లా పడి ఉన్నాడు. కింద అంతా కక్కి ఉంది. అమ్మ వాడి మీద పడి, మొహం తిప్పి, నోరు తెరిచి వాసన చూసింది. ఇంకోసారి చూసింది.

"ఏం తాగిండ్రా వీడు?"

"ఫోన్ల జెప్పిన గదనే, మందు. దావత్ల మిగిలిన సీసా ఉండె. పిల్లగాడు బెంగతోనున్నడని నేను జరంత పోసిన. నేను అటు పోంగనే మొత్తం ఎత్తేసిండు."

తాగినవాడు ఎదురైతే దారి మార్చే మనిషి మా అమ్మ. "విస్కీయేనారా? ఒట్టు?" అని అడిగి, మామను రెండు చేతులా బాదింది. "మందు అంటవారా! ఫోన్ల మందు అంటవా!"

"మరేమంటరే దాన్ని?" అంటూ మామ గోడకు ఆనుకుపోయాడు. బాపు కిందనే కూలబడి కొడుకు కాలు పట్టుకుని వదల్లేదు.

ఆ గొడవకు తమ్ముడు కళ్లు తెరిచాడు. "మీరేమనుకున్నరే?"

"సచ్చిపోయినవనుకున్న రా!" అంది అమ్మ. ఇన్ని రోజులు మేం మింగుకున్న మాట వాకిట్లో అందరి ముందూ పడింది.

వాడు అమ్మ ఒడిలోకి మొహం తిప్పుకున్నాడు. "నాగ్గూడ గదే బుగులు, గదే భయమైతుందే అమ్మా. ఒక్కన్ని ఉంటే గదే ఆలోచన. గందుకే తాగిన."

బంద్ సడలగానే జనగామ దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు ఆ ఆలోచనల గురించి వాణ్నే సూటిగా అడిగాడు, వాడూ సూటిగానే చెప్పాడు. సీసా ముట్టొద్దన్నాడు, గోలీలు రాశాడు, ఒంటరిగా ఉంచొద్దు, మాట్లాడనియ్యండి అన్నాడు. ఆ రోజు నుంచి నలుగురం ముందరి అర్రలో వరసగా పడుకున్నాం. పొద్దున లేవగానే "ఇయాల ఎట్లున్నదిరా?" అని నేను అడిగేదాన్ని. "బాగలేదు" అని వాడు చెప్పిన రోజున బాపు చేనుకు పోయేవాడు కాదు. భయం పోలేదు కానీ, దాని పేరు పైకి అనడం వచ్చింది.

కొత్త సంవత్సరం పొద్దుటి ఆరాధనలో, దేవుడు చేసిన మేలు చెప్పమని పాస్టరయ్య అడిగాడు. అమ్మ లేచింది.

"నా కొడుకు మందు తాగిండు."

చాపల మీద ఉన్నవాళ్లంతా ఆమె వైపు తిరిగారు.

"సీసా మందు, అయ్యగారూ. తాగి, కక్కి, బతికి ఇంటికొచ్చిండు. దేవునికి స్తోత్రం."

ఎవరూ ఆమెన్ అనలేదు. పాస్టరయ్య బైబిల్లోకి చూశాడు. తమ్ముడు తల వంచుకున్నాడు. నాకైతే తల కొట్టేసినట్టయింది. అప్పుడు చాప మీద అమ్మ పక్కన కూర్చున్న, కొడుకు పోయిన ఆ తల్లి, నోట్లో కుక్కుకున్న కొంగు తీసి, చర్చి అంతా వినబడేటట్టు "ఆమెన్" అంది.