పన్నెండు వేల కిలోమీటర్ల కాయ

ఆ రోజుల్లో మా మామిడి తోటలో దూరాన్ని కాయతో కొలిచేవారు. మైలవరం చుట్టాలకైతే రంగు తిరిగిన కాయ, హైదరాబాదుకైతే తొడిమ దగ్గర భుజాలు నిండిన పచ్చి కాయ, ఢిల్లీ లారీకైతే ఇంకాస్త గట్టి కాయ, దారిలోనే పండాలి కదా. బడికి వెళ్లకుండా నాన్నగారి దగ్గరే చదువూ లెక్కలూ నేర్చుకున్న నాకు తెలిసిన భూగోళం అంతే. (పాఠం చెప్పేదీ ఆయనే, పరీక్ష పెట్టేదీ ఆయనే కనుక, దేవుడి దయవల్ల ఎప్పుడూ తప్పలేదు.) నాకు పంతొమ్మిదేళ్లప్పుడు, కెనడాలో ఒక గుడిలో అర్చకులుగా ఉన్న మా వీధి పంతులుగారు సెలవు మీద వచ్చారు. తిరుగు ప్రయాణం ముందు, "అమ్మాయ్, అక్కడి స్వామి మన నూజివీడు రసం రుచి ఎరగడు. ఒక పెట్టె కోయించమ్మా, హైదరాబాదులో విమానం ఎక్కి టొరంటోలో దిగగానే నైవేద్యం పెడతాను" అన్నారు. నాన్నగారు ఆ పని నాకే అప్పగించారు. మా తోట పండు స్వామి నోటిదాకా వెళ్లడమంటే మాటలా! ఆనందంతో నాకు అన్నం సయించలేదు.

మర్నాడు ఆగిరిపల్లి నుంచి వచ్చిన కోత మేస్త్రి, చిక్కం కట్టిన కర్ర భుజాన పెట్టుకుని, "ఎంత దూరం కాయ కొయ్యమంటారు, అమ్మాయిగారూ?" అన్నాడు. ఫోన్‌లో చూసి, "పన్నెండు వేల కిలోమీటర్ల పైనే!" అన్నాను. "ఓరి నాయనో! అంత దూరానికైతే పూత కొయ్యాలండీ!" అన్నాడతను. ప్రయాణం ఒక్క రోజేనని కూడా ఫోన్ చెప్పింది, పాపం. అది నాన్నగారికి చూపిస్తే, "ఫోను మాటకేంటమ్మా, మైలవరం ముప్పావుగంటంటుంది. దారిలో గడ్డి ట్రాక్టరు అడ్డొస్తే దానికి తెలుసా?" అన్నారు. నిజమే కదా అనిపించింది. ఢిల్లీకి లారీ మూడు రోజులు. ఆ లెక్కన టొరంటో ఇరవై రోజులు. (ఆకాశంలో ట్రాక్టర్లు ఉండవన్న సంగతి మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.) టెంక కూడా ముదరని లేత కాయలు ఏరి కోయించి, ఒక్కోదానికీ దణ్ణం పెట్టి, పేపర్లలో చుట్టి సర్దాను. నాన్నగారు తాడు బిగించారు.

పంతులుగారు వెళ్లిన మూడో రోజున ఫోన్ చేశారు. "అమ్మాయ్, ఎక్కిన మర్నాడే దిగాను. పెట్టె విప్పితే ఏంటమ్మా ఇవి, రాళ్లా?"

"మరి స్వామికి ఏం పెట్టారండీ?" అన్నాను ఏడుపు గొంతుతో.

"ఏం పెడతాను! తురిమి పులిహోర కలిపాను. జనం కాగితం ప్లేట్లు కూడా నాకేశారనుకో. మళ్లీ కలపమంటే కాయలేవీ!"

ఫోన్ పెట్టేసి దేవుడి గదిలోకి వెళ్లి, నవ్వూ ఏడుపూ కలిపి దణ్ణం పెట్టుకున్నాను.

ఇప్పుడు నాకు అన్నీ తెలుసు. ఒక్క రోజు విమానానికి ఏ కాయ కొయ్యాలో, దిగేసరికి అది ఎంత మెత్తబడుతుందో కళ్లు మూసుకుని చెప్పగలను. ఏటా అటు వెళ్లేవాళ్లెవరో ఒకరు దొరుకుతారు, నేనూ ఆశగా రసాలు ఏరబోతాను. ఈలోగా పంతులుగారి ఫోన్ వచ్చేస్తుంది: "పండ్లొద్దమ్మా, నీకు పుణ్యముంటుంది, ఆ ఏడాది పంపినవే పంపు." ఇన్నేళ్ల అనుభవం ఉన్న నాకన్నా, ఆ పంతొమ్మిదేళ్ల పిల్లే బాగా కోయించిందట!