బోధన్‌లో నేను తగ్గించిన గొంతు

పన్నెండేళ్ళు ఒక బరువు మోశాను. నా భార్యకు చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. మీకు చెప్పగలుగుతున్నాను, ఎందుకంటే మీరు నన్ను ఎరగరు. నా పేరు చెప్పను. చేసిన పని మాత్రం దాచను.

మాది మోర్తాడ్ దగ్గర పసుపు పండించే ఇల్లు. డిగ్రీ చదవడానికి నిజామాబాద్ వచ్చి, ఒక గది అద్దెకు తీసుకున్నాను. పక్కింట్లో శామ్యూల్, వాళ్ళక్క రూతు ఉండేవాళ్ళు. శామ్యూల్ చర్చిలో డ్రమ్స్ వాయించేవాడు. రూతక్క పగలు ఎస్టీడీ బూత్‌లో కూర్చునేది, ఆదివారం చర్చిలో పాడేది. నాకు ఒక గిటార్ ఉండేది. వాయించడం సరిగ్గా వచ్చేది కాదు.

దుబాయ్ నుంచి వాళ్ళ మేనమామ తెచ్చిన క్యాసెట్లలో పాత ఇంగ్లిష్ రాక్ పాటలుండేవి. వాటిని నేర్చుకోవాలని ముగ్గురం మొదలుపెట్టాం. పాట మధ్యలో వచ్చే పొడుగాటి గిటార్ వాయింపు నా వేళ్ళకు లొంగేది కాదు. వారాల తరబడి కుస్తీ పట్టాను. ఒకరోజు రూతక్క అది తీసేయమంది. మిగిలింది రెండింతల వేగంతో వాయించమంది. అదే క్యాసెట్ల కట్టలో పంక్ పాటలది, అంటే గబగబా అరుస్తూ పాడేవాటిది, ఒకటుంది, ఆ పాటగాళ్ళు అరిచినట్టు తను అరుస్తానంది. అరిచింది. ఎనిమిది నిమిషాల పాట రెండు నిమిషాల్లో అయిపోయింది. ముగ్గురం కడుపు నొచ్చేలా నవ్వుకున్నాం. ఆ నవ్వు ఇప్పటికీ నాకు ఇష్టం. అందుకే చెప్పడం ఇంత కష్టంగా ఉంది.

మా కాలేజీ వార్షికోత్సవంలో వాయించాం. సినిమా పాటల కోసం వచ్చిన వాళ్ళు బెంచీలెక్కి గంతులేశారు. ఆ తర్వాత ఊళ్ళో ఎవరు కనపడ్డా రూతక్క గురించే అడిగారు. గిటార్ ఎవరిదని ఒక్కరూ అడగలేదు. గిటార్ నాది, ముగ్గుర్నీ కూడగట్టింది నేను, బ్యాండ్ పెడదామన్నది నేను అని లోపల లెక్కలు వేసుకునేవాణ్ణి. అసలు ఆ పాటలు నిలబడ్డది ఆమె ఆలోచన వల్లేనని నాకు తెలియదా? తెలుసు. తెలిసే మండిపోయాను.

బోధన్‌లో ఒక యువజన సంఘం వాళ్ళు పిలిచారు. మధ్యాహ్నం, మైదానంలో చిన్న స్టేజీ. చెరుకు బండ్లు దిగిన వాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. మైకుసెట్ పెట్టె నా పక్కనే ఉంది. దాన్ని చూసే అతను చాయ్ తాగడానికి వెళ్ళాడు. రెండో పాట మొదలవగానే చెయ్యి చాపి, రూతక్క మైకు వాల్యూమ్ పూర్తిగా తగ్గించాను. చెయ్యి దానంతటదే పోయిందని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఏ మీట ఎవరిదో ముందే చూసి పెట్టుకున్నాను.

డ్రమ్స్ మోతలో స్టేజీ మీద ఎవరికీ ఏమీ తెలియలేదు. బయటికి గిటార్, డ్రమ్స్ మాత్రమే వినిపించాయి. జనం మొదట ఈలలు వేశారు, తర్వాత నవ్వారు. వినపడడం లేదని రూతక్కకు అర్థమైంది. ఇంకా గట్టిగా అరిచింది. మెడ నరాలు ఉబ్బాయి. దగ్గు వచ్చింది. పాట మధ్యలోనే దిగిపోయింది. ఎవరికీ అనుమానం రాకుండా నేను మళ్ళీ వాల్యూమ్ పెంచి, గిటార్ భుజాన వేసుకుని దిగాను.

తిరుగు బస్సులో నా పక్కన కూర్చుంది.

"నిజం చెప్పు తమ్మీ. నా గొంతు మైకుల రాలేదా?"

"రాలేదక్కా. మైకు మంచిగనే ఉండె. ఇయ్యాల నీ గొంతు లేవలేదు."

తల ఊపి కిటికీ వైపు తిరిగింది. ఆ తర్వాత ఆమె పాడలేదు. చర్చిలో కూడా పాడలేదు. శామ్యూల్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. గొంతులో ఏ లోపమూ లేదన్నాడు డాక్టరు. ఆమె డాక్టరును నమ్మలేదు. నన్ను నమ్మింది.

ఏళ్ళు గడిచాయి. నేను ఆర్మూర్‌లో మోటార్లు రిపేరు చేసే దుకాణం పెట్టుకున్నాను. పోయిన నెల మా పాప బడిలో పాట పాడడానికి లేచి, సిగ్గుపడి కూర్చుండిపోయింది. ఇంటికొచ్చి, తన గొంతు బాగుండదని ఎవరో అన్నారని చెప్పింది. మర్నాడు ఉదయమే నిజామాబాద్ బస్సెక్కాను.

రూతక్క ఇప్పుడు జిరాక్స్ షాపు నడుపుతోంది. నిలబడే అంతా చెప్పాను. ఆమె చేతిలో కాగితాలు కింద పెట్టింది.

"అంటే, నా గొంతు మంచిగనే ఉండెనా?"

"మంచిగుండె అక్కా. గందుకే తగ్గించిన."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపమో, ఇంకేమిటో నాకు తెలియలేదు. "నువ్వు పో తమ్మీ," అంది. "ఇప్పుడైతే పో." నేను క్షమించమని అడగలేదు. అడిగే హక్కు ఉందా నాకు?

నిన్న శామ్యూల్ మా దుకాణానికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. అక్క చర్చిలో పాటల ప్రాక్టీసుకు పోతోందట. పైస్థాయి అందడం లేదట, మధ్యలో ఆగిపోతుందట, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంటుందట. "నిన్ను మాత్రం రావద్దన్నది," అని చెప్పి వెళ్ళిపోయాడు.

వెళ్ళను. ఆమె పాడుతోందని తెలిసింది, అది చాలు. అబద్ధం చెప్పింది నేనే. అబద్ధమని చెప్పిందీ నేనే. ఈ రెండో మాట ఇన్నాళ్ళకు నా నోట వచ్చింది.