బెల్టులు లేని వార్డు

మానసిక వైద్యశాలలో మగవాళ్ల వార్డుకి ఆమె హెడ్ నర్సు. డాక్టర్ల దగ్గర్నుంచి రోగుల దాకా అందరూ ఆమెని సిస్టరక్కా అనే పిలిచేవారు. పెళ్లి ఫోటో వెనక రాసి ఉంది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే తన అసలు పేరు తనకే గుర్తుండేది కాదని నవ్వేది.

పనిలో ఆమెది చేయి తిరిగిన వ్యవహారం. రోగి ఎంత గొడవ చేస్తున్నా సరే, వార్డు బాయ్‌లు పట్టుకుంటే చాలు, రెప్పపాటులో కాళ్లకీ చేతులకీ బెల్టులు బిగించేసేది. అందులో తప్పేముందనుకునేది. మనిషి తనని తాను గాయపరచుకోకుండా ఉండాలంటే కట్టక తప్పదని ఆమెకి నేర్పారు. తన తర్వాత వచ్చినవాళ్లకి ఆమె కూడా అదే నేర్పింది.

అలాంటి మనిషి, గొడవ చేసే రోగులతో ఎలా మెలగాలో నేర్పే శిక్షణకి వెళ్లడం కూడా అనుకోకుండానే జరిగింది. వెళ్లాల్సిన డాక్టరుకి జ్వరం వచ్చింది. సీటు వృథా అవుతుందని ఈమెని పంపారు.

శిక్షణ ఇచ్చే మానసిక వైద్యురాలు ఈమెకంటే బాగా చిన్నది. మొదటిరోజే హాలు మధ్యలో మంచం వేయించి, "కట్టి చూపిద్దాం. ఎవరైనా పడుకుంటారా?" అని అడిగింది. డాక్టర్లూ నర్సులూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"నేను పడుకుంటా. రోజూ చూసేదేగా" అంటూ లేచింది సిస్టరక్క.

బెల్టులు బిగించాక శిక్షకురాలు మిగతావాళ్లతో, "పదండి, టీ తాగొద్దాం" అంది. తలుపు దగ్గరికి వేసి అందరూ వెళ్లిపోయారు.

మొదట సిస్టరక్కకి నవ్వొచ్చింది. కాసేపటికి ముక్కు దురద పెట్టింది. చెయ్యి లేవదు. తల తిప్పి దిండుకి రుద్దుకుందామంటే ముక్కు అందదు. వరండాలో ఎవరో పకపకా నవ్వారు. తనని చూసే నవ్వుతున్నారనిపించింది. ఆ మాట మనసులోకి రాగానే ఉలిక్కిపడింది. తన వార్డులో కట్టేసి ఉన్నవాళ్లు "నన్ను చూసి నవ్వుతున్నారు" అన్నప్పుడల్లా జబ్బు ముదిరిందనే అనుకునేది. ఎవరినైనా పిలుద్దామనుకుంది, సిగ్గేసి ఊరుకుంది. ఆ తర్వాత సిగ్గు కూడా పోయి, "ఏమండీ! ఎవరున్నారక్కడ?" అని గట్టిగా అరిచింది.

వాళ్లు తిరిగొచ్చి బెల్టులు విప్పాక మణికట్లు రుద్దుకుంటూ కూర్చుంది.

"సరే డాక్టరమ్మా, ఎలా ఉంటుందో తెలిసింది. మరి కట్టకుండా ఎలా ఆపాలి? అది నేర్పండి. జాలి పడమని చెప్పి పంపిస్తే నా వార్డు నడవదు."

"అది నేర్పడానికేనండీ పిలిచింది" అంది శిక్షకురాలు.

మిగతా రోజులన్నీ అదే పని. మనిషికి ఎదురుగా నిలబడకూడదు, కాస్త పక్కకి తిరిగి చేతికి అందనంత దూరంలో ఉండాలి. గుంపులో ఎంతమంది ఉన్నా మాట్లాడేది ఒక్కరే. "ఊరుకో" అనకూడదు, "ఏం కావాలి?" అనాలి. కూర్చుంటావా, నడుస్తావా అని ఎంచుకునే వీలు వాళ్లకే వదలాలి. వినడానికి తేలికే. అవతలివాడు కుర్చీ ఎత్తినప్పుడు ఇవన్నీ ఒంట్లోంచి రావాలంటే మాత్రం సాధన చెయ్యాలి.

ఇంటికొచ్చి మొగుడిని కూర్చోబెట్టింది. ఆయన గడియారాలు బాగుచేసేవాడు, చీమకి కూడా దారిచ్చే రకం. "ఏమండీ, కాసేపు మీరు నామీద అరవండి" అంది. ఇన్నేళ్ల కాపురంలో దొరకని అవకాశం దొరికిందని ఆయన తువ్వాలు విసిరి, బల్ల గుద్ది, రెచ్చిపోయాడు. అరుపులు విని అత్తగారు వంటింట్లోంచి గరిటెతో పరుగెత్తుకొచ్చింది. "ఒరేయ్, దాని మీద చెయ్యెత్తావంటే ఊరుకోను!" అంటూ కొడుకు మీదకి లేచింది. ఆవిడని చల్లార్చడమే సిస్టరక్కకి ఆ రోజు అసలు సాధన అయింది.

వార్డుకి తిరిగి రాగానే పెద్ద డాక్టరు గదికి వెళ్లింది. అందరికీ నేర్పిస్తాను, వారానికో గంట ఇవ్వమంది.

"సిబ్బంది అసలే తక్కువ అక్కా. ఎవరికైనా దెబ్బ తగిలితే?"

"ఇప్పుడు తగలట్లేదా సార్? సగం దెబ్బలు కట్టేటప్పుడే కదా తగిలేది."

ఆయన కలం మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి గంట ఇచ్చాడు. తను మాత్రం రానన్నాడు.

వార్డు బాయ్‌లలో కొండంత మనిషి ఒకడుండేవాడు, అందరూ పర్వతం అనేవారు. అతను మొదటి క్లాసులోనే ఆవలించాడు. "మాటలతో ఆగేవాడైతే ఇక్కడిదాకా ఎందుకొస్తాడక్కా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, "అందుకే నిన్ను ముందు వరసలో కూర్చోబెట్టా" అని పాఠం సాగించింది.

ఆ మాట నిజమేమో అనిపించే రోజు త్వరలోనే వచ్చింది. నిద్ర పట్టట్లేదనీ, చెవుల్లో ఏవో గొంతులు వినిపిస్తున్నాయనీ అంటున్న ఒక క్రేన్ ఆపరేటరుని వాళ్లమ్మ వార్డులో చేర్పించింది. రోగుల్ని చూసే వేళ అయిపోయిందని మధ్యాహ్నం ఆవిడని బయటికి పంపేశారు. అంతే, అతను పళ్లెం గోడకేసి కొట్టి, కుర్చీ ఎత్తాడు. సిస్టరక్క ముందుకొచ్చి నెమ్మదిగా మాట్లాడింది. కుర్చీ కిందికి దిగింది. ఆమె ఊపిరి పీల్చుకునేలోగా వెనక నుంచి ఇద్దరు, "కూర్చో! కూర్చో!" అని అరిచారు. అతను గుమ్మం వైపు దూసుకొచ్చాడు. గుమ్మంలో ఆమె ఉంది. అతని ఊపుకి తలుపు రెక్క వచ్చి ఆమె చేతిని గోడకేసి నొక్కింది. మణికట్టు విరిగింది. అతన్ని కట్టేశారు.

వార్డంతా గుసగుసలు. ఇంట్లో మొగుడు, "ఇక చాలు. పాఠాలూ వద్దు, పంతాలూ వద్దు" అన్నాడు. అత్తగారు అన్నం కలిపి కోడలికి ముద్దలు పెడుతూ, "చెయ్యి విరిగింది గానీ నోరు బాగానే ఉందిగా. చెప్పుకోనీరా" అంది.

ఆ వారం క్లాసు కూడా మానకుండా పిండికట్టుతోనే వెళ్లింది సిస్టరక్క. కుర్చీలు జరిపి ఆ మధ్యాహ్నం జరిగింది మళ్లీ నాటకంలా వేయించింది. పర్వతాన్ని క్రేన్ ఆపరేటరుగా నిలబెట్టి, తను గుమ్మంలో నిలబడింది.

"నువ్వే ఆ మనిషివి. నీకు దారేది?"

పర్వతం అటూ ఇటూ చూశాడు. "లేదక్కా. నువ్వు అడ్డంగా ఉన్నావు."

"చూశారా? పాఠం చెప్పేదాన్నే తప్పు చోట నిలబడ్డాను. మనలో ముగ్గురం ఒకేసారి మాట్లాడాం. చెయ్యి విరిగింది పద్ధతి వల్ల కాదు, పద్ధతి సగంలో వదిలేయడం వల్ల."

క్రేన్ ఆపరేటరు కోలుకున్నాక, అతనికి చికిత్స చేసే డాక్టరుతో ఆమె మాట్లాడి, ఇష్టమైతేనే రమ్మని అతన్ని క్లాసుకి పిలిపించింది. అతను వచ్చాడు. పిండికట్టు చూసి తల దించుకున్నాడు.

"దాని గురించి కాదయ్యా. మేమేం చేసుంటే నువ్వు ఆగేవాడివో చెప్పు. వీళ్లంతా నేర్చుకోవాలి."

అతను కుర్చీ అంచున కూర్చున్నాడు. తర్వాత, "మా అమ్మని పంపించేశారు. మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేదు. గొంతులేమో ఆవిడ చచ్చిపోయిందంటున్నాయి. ఒక్కసారి చూడాలనుకున్నా, అంతే" అన్నాడు.

పర్వతం లేచి అతనికి మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

ఆ వారం నుంచి వార్డులో పద్ధతి మారింది. ఇంటివాళ్లు వెళ్లేముందు రోగి దగ్గర కూర్చుని, మళ్లీ ఎప్పుడొస్తారో చెప్పి వెళ్లాలి. గొడవ మొదలైతే మాట్లాడేది ఒక్కరే, తలుపు దారి ఖాళీ. ఒక పూట, గది మూలకి చేరి అద్దం పెంకు పట్టుకున్న కుర్రాణ్ణి చూసి పర్వతం దూరంగా నేల మీద చతికిలబడ్డాడు. ఆ పెద్ద ఒళ్లు అలా కిందికి దిగేసరికి కుర్రాడికి బెదురు తగ్గింది. ఇద్దరూ క్రికెట్ గురించి మాట్లాడుకుంటూనే ఉన్నారు, పెంకు చేతులు మారింది.

అలాగని అన్నీ చక్కబడలేదు. సిబ్బంది సగంమంది సెలవులో ఉన్న రోజున ఒకరిని మళ్లీ కట్టాల్సి వచ్చింది. ఆ సంగతి తెలిసి సిస్టరక్క ఎవరినీ తిట్టలేదు. మర్నాడు పొద్దున్నే అందరినీ కూర్చోబెట్టింది. ఎన్నడూ రాని పెద్ద డాక్టరు కూడా వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నాడు. ఆయన వైపు ఒక్కసారి చూసి, ఆమె గుంపు వైపు తిరిగింది.

"కట్టింది ఎవరని అడగట్లేదు. దానికి ముందు ఎక్కడ ఆపగలిగేవాళ్లం? మొదటినుంచీ చెప్పుకుందాం. ఆయన పొద్దున్న లేచినప్పుడు ఎలా ఉన్నాడు? ఎవరు చూశారు?"

ఒక చెయ్యి లేచింది.