ముస్తకీం భాయ్ ఇంట్లో టీ

మా ఆగ్రాలో గైడ్లకి కొదవా? కంటోన్మెంటు స్టేషన్లో ఢిల్లీ రైలు ఆగీ ఆగకముందే మనుషుల మీద పడిపోతారు. వాళ్లలో సగం మంది చెప్పే చరిత్ర వింటే షాజహాన్ లేచొచ్చి వీళ్లని తన్నాలి. ముస్తకీం అన్సారీ అలాంటివాడు కాదు. చుట్టాల పేర్లు రాసిన అట్ట పట్టుకుని ఒక స్తంభం పక్కన నిలబడతాడు, వాళ్లే వెతుక్కుని వస్తారు. గోరింటాకు పెట్టిన జుట్టు, ఇస్త్రీ మడత చెడని బూడిదరంగు కోటు, చేతిలో ముడిచిన గొడుగు. ఆ గొడుగు విప్పగా నేనెప్పుడూ చూళ్లేదు. మినార్లు చూపించడానికే ఉంది అది.

నా పేరు నేత్రపాల్. ఆయన చుట్టాలకి బండి నాదే. చుట్టాలంటే డబ్బులిచ్చి వచ్చే చుట్టాలు, దొరలూ దొరసానులూ. పొద్దున రైలుకి దిగినవాళ్లని ఎక్కించుకుని తాజ్ చూపించి, కోట చూపించి, సాయంత్రం రైలుకి దింపేస్తాం. మా ఇద్దరి బతుకూ ఇదే. నా పెళ్లాంతో మాట్లాడినదానికన్నా ఆయనతో మాట్లాడిందే ఎక్కువుంటుంది, అందులో సగం పోట్లాట. "హారన్ తగ్గించు నేత్రా, తాజ్‌లో పడుకున్న బేగం లేస్తుంది" అని ఆయనంటాడు. "మీరు కథ తగ్గించండి సాబ్, వెనక కూచున్న బేగం పడుకుంది" అని నేనంటాను.

ఆ కథ నాకు నోటికొచ్చు. స్టేషన్ నుంచి తాజ్ దాకా బండిలోనే చెబుతాడు. పురిటి నొప్పుల్లో ముంతాజ్ ప్రాణం పోవడం, చక్రవర్తి గదిలో తలుపేసుకుని ఏడవడం, బయటికొచ్చేసరికి గడ్డం తెల్లబడిపోవడం. అక్కడ ఒక్క క్షణం ఆగుతాడు. దొరసాని ముక్కు ఎగబీలుస్తుంది. అప్పుడంటాడు, "నేనూ మా ఆవిడతో అన్నాను మేడమ్, నీకూ ఒక తాజ్ కట్టిస్తానని. ముందా వంటింటి కుళాయి బాగుచేయించు, తాజ్ సంగతి తర్వాత చూద్దాం అంది." బండంతా నవ్వు. ఆ నవ్వుతోనే దిగి టిక్కెట్లకి వెళతారు. ఎన్నేళ్లయినా ఇందులో ఒక్క మాట మారలేదు.

రుఖయ్యా భాభీకి ఈ సంగతి తెలుసు. "నా కుళాయిని దేశదేశాలా చాటింపు వేశావు కదయ్యా" అని మొగుణ్ణి దులిపేసేది. మనసుకి నచ్చిన చుట్టాలుంటే సాయంత్రం రైలుకి ముందు భాయ్ వాళ్లని ఇంటికి తీసుకెళ్లేవాడు. భాభీకి ఇంగ్లీషు ముక్క రాదు. అయినా ఆడవాళ్లని మంచం మీద కూచోబెట్టి, చెయ్యి పట్టుకుని, ఉల్లిపాయ పకోడీలు తినిపించి, అరగంటలో వాళ్ల అత్తగారి సంగతులన్నీ లాగేసేది. ఎలాగో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఆ మనిషి ఈ చలికాలం మొదట్లో పోయింది. జ్వరమని పడుకుంది. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికే చెయ్యి దాటిపోయింది.

ముస్తకీం భాయ్ ఏడవలేదు. ఖబరస్తాన్‌లో అందరితోపాటు మట్టి వేశాడు, చేతులు దులుపుకున్నాడు, ఇంటికొచ్చి వచ్చినవాళ్లకి కుర్చీలు సర్దాడు. నాలుగో రోజు పొద్దున స్తంభం పక్కన అట్ట పట్టుకుని నిలబడ్డాడు. కోటు మడత కూడా చెడలేదు. టీ కొట్టు దగ్గర మిగతా గైడ్లు చెవులు కొరుక్కున్నారు. చక్రవర్తి ఏడుపు అమ్ముకుని తిన్న మనిషికి సొంత పెళ్లాం పోతే కంట తడి రాలేదేంటని. వాళ్లతో కొట్లాడాను నేను. కొట్లాడి, బండెక్కాక, నాకూ అదే అనిపించింది.

ఒక్కతే కూతురు సుంబుల్, టీచరు చదువు చదువుతోంది. ఆ పిల్ల తండ్రితో మాట్లాడ్డం మానేసింది. కంచం పెడుతుంది, వెళ్లిపోతుంది. అలీగఢ్ నుంచి భాభీ చెల్లెలు వచ్చి ఉంటోంది ఇంట్లో. నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనలు అవగానే పిల్లని తనతో తీసుకుపోతానంది, అక్కడే చదువు, అక్కడే పెళ్లి. సుంబుల్ సరేనంది. ఈ మాట భాయ్ నాకు ఎలా చెప్పాడంటే, రైలు లేటని చెప్పినట్టు చెప్పాడు.

"వచ్చే వారం వెళ్లిపోతుందట నేత్రా."

"వెళ్లనిస్తారా? ఉన్నది ఒక్కతే. ఆ పిల్ల కూడా పోతే ఆ ఇంట్లో ఎవర్ని చూసుకుంటారు?"

"ఉండమని ఎలా చెప్పను? నామీద కోపం దానికి. అమ్మ పోతే ఈయనకి చీమ కుట్టినట్టయినా లేదని."

"లేదా మరి?"

"లోపల వెతుక్కుంటున్నాను. ఏమీ దొరకడం లేదు. మొద్దుబారిపోయింది" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఏడుపొచ్చినట్టూ అయింది. ఏదీ చెయ్యకుండా గేరు మార్చాను.

ఆ వారంలోనే వచ్చారు హాలండ్ మొగుడూ పెళ్లాలు. ఆయన విమ్, ఇంత పొడుగు మనిషి, మోకాళ్లు రెండూ పాడు. ఆవిడ హన్నెకా, నోరు ఊరుకోని మనిషి. బండెక్కారు, భాయ్ కథ మొదలెట్టాడు. పురిటి నొప్పులు, ఏడుపు, తెల్లగడ్డం. కుళాయి దగ్గర మానేస్తాడనుకున్నాను. భాభీ పోయాక వచ్చినవాళ్లు నిద్రముఖాలతో ఉంటే అక్కడిదాకా రాలేదు కథ. ఈవిడ కళ్లు తుడుచుకుంటూ వింటోంది. భాయ్ ఒక్క క్షణం ఆగాడు. తర్వాత ఆ మాట దానంతట అదే వచ్చేసింది. నేనూ మా ఆవిడతో అన్నాను మేడమ్.

హన్నెకా చప్పట్లు కొట్టింది. "తెలుసు! రుఖయ్యా! మా స్నేహితురాలు మార్యా రెండేళ్ల కిందట మీతోనే వచ్చింది. మీ ఇంట్లో టీ తాగింది. చలికి పాదాలు గడ్డకట్టిపోతున్నాయని రుఖయ్యా చూపించిందట, అందుకని తన చేత్తో ఉన్నిమేజోళ్లు అల్లి పంపింది. ఆవిడ చేతికే ఇచ్చి ఫొటో తియ్యమంది. ఎలా ఉంది ఆవిడ?"

"బాగానే ఉంది మేడమ్. ఇంట్లో ఉంది."

నా కాలు బ్రేకు మీద పడింది. వెనక విమ్ తల ముందు సీటుకి కొట్టుకుంది. సారీ సర్, కోతి అడ్డొచ్చింది అన్నాను. మా ఊళ్లో ఏ తప్పైనా కోతి మీద వెయ్యొచ్చు.

తాజ్ పార్కింగులో వాళ్లు బ్యాటరీ బండెక్కుతుంటే భాయ్‌ని పక్కకి లాగాను.

"ఏం మాట్లాడారు సాబ్ మీరు?"

"నోటికొచ్చేసింది."

"వస్తే వచ్చింది. ఇప్పుడు వెళ్లి చెప్పెయ్యండి."

"చెబుతాను" అన్నాడు. నిమ్మకు నీరెత్తినట్టు గొడుగు ఊపుకుంటూ వెళ్లాడు.

తాజ్ చూసి తిరిగొచ్చారు. హన్నెకా మొహం చూశాను. పాలరాయి గురించి మాట్లాడుతోంది. చెప్పలేదన్నమాట.

కోట దగ్గర విమ్ ఏటవాలు దారి ఎక్కలేడు కాబట్టి చెయ్యి పట్టుకోడానికి నేనూ లోపలికెళ్లాను. కొడుకు ఖైదు చేస్తే షాజహాన్ నది మలుపులో ఉన్న తాజ్‌ని చూస్తూ చచ్చిపోయిన మేడ చూపించాడు భాయ్. "కూతురు జహానారా ఆయనతోనే ఉండిపోయింది. ఆమెని ఎవరూ ఖైదు చెయ్యలేదు. వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు, తండ్రి పోయేదాకా ఇక్కడే ఉంది" అన్నాడు. గొంతులో ఏ మార్పూ లేదు. టిక్కెట్టు ధర చెప్పినా అలాగే చెబుతాడు.

"మీకు పిల్లలున్నారా?" అంది హన్నెకా.

"ఒక కూతురు."

"మీ దగ్గరే ఉంటుందా?"

"వచ్చే వారం దాకా."

"ఓ, పెళ్లా! అభినందనలు!"

"థాంక్యూ మేడమ్" అన్నాడు.

దేవుడి మీద ఒట్టు, ఆ మేడ మీంచి ఆయన్ని తోసెయ్యాలనిపించింది. నేనే చెప్పేద్దామా అంటే, వింటే అర్థమవుతుంది కానీ నేను మాట్లాడే ఇంగ్లీషు ఏసీకి, బాత్రూముకి, ఎడంపక్క చూడండి కుడిపక్క చూడండి అనడానికి సరిపోతుంది. దీనికి చాలదు.

కోట దిగి బండెక్కగానే హన్నెకా సంచిలోంచి పొట్లం తీసి ఒళ్లో పెట్టుకుంది. "ఇక రుఖయ్యా దగ్గరికి!"

"ఇంటికి పోనీ" అన్నాడు భాయ్ నాతో.

ఇంక ఆగలేకపోయాను. వాళ్లకి మా భాష రాదు కదా. "మతి ఉందా మీకు? ఇంట్లో సుంబుల్ ఉంది. మీ అమ్మ బాగానే ఉందని వీళ్లకి చెప్పానని ఆ పిల్ల మొహం మీద చెబుతారా? వచ్చే వారం దాకా ఎందుకు, ఇవాళే పోతుంది. మళ్లీ మీ గుమ్మం తొక్కదు."

"తెలుసు."

"తెలిసి?"

"ఆ మాట నోట్లోంచి రావడం లేదు నేత్రా. పోయిందన్న మాట. డాక్టరన్నాడు, మౌల్వీ అన్నాడు, నువ్వన్నావు. నేను ఇంతవరకు ఎవరితోనూ అనలేదు."

వాళ్లుండే నాయీ కీ మండీ వైపు తిప్పాను బండి.

మెట్లెక్కి మొదటి అంతస్తులో వాటా. తలుపు సుంబుల్ పిన్ని తీసింది. తెల్లవాళ్లని చూసి పైట తల మీదికి లాక్కుని లోపలికి కేకేసింది. గదిలో మంచం పక్కన పెట్టె తెరిచి ఉంది, అందులో సుంబుల్ బట్టలు సగం సర్ది ఉన్నాయి. సుంబుల్ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. హన్నెకా వెళ్లి కావలించుకుంది.

"నువ్వు సుంబుల్‌వి కదూ! పెళ్లికూతురివట! అమ్మేది?"

భాయ్ ఒక చెప్పు విప్పాడు, రెండోది విప్పడం మరిచిపోయి తలుపు దగ్గరే నిలబడ్డాడు. సుంబుల్ ఆ పొట్లం వైపు చూసింది, నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. తర్వాత తండ్రి వైపు చూసింది. ఆ చూపులో మొదట వచ్చింది కోపమే, నేను చూశాను. ఇక అయిపోయింది అనుకున్నాను. అలా చూస్తూనే ఉండిపోయింది. భాయ్ మొహంలో సిగ్గు లేదు, భయం లేదు. ఆయన కూడా ఆ జవాబు కోసమే నిలబడి ఉన్నాడు, రుఖయ్యా ఎక్కడుందో కూతురు చెబుతుందని.

"అమ్మీ బజారుకెళ్లింది. కొంచెం ఆలస్యమవుతుంది. కూచోండి" అంది సుంబుల్ ఇంగ్లీషులో.

"ఏమంటోంది ఇది?" అంది పిన్ని నన్ను.

"టీ పెట్టమంటోంది" అన్నాను.

"పర్లేదు, రైలుకి టైముంది. ఎదురుచూస్తాం" అంది హన్నెకా.

కూచున్నాం. చచ్చిపోయిన మనిషి కోసం అందరం వరసగా కూచుని ఎదురుచూశాం. సుంబుల్ టీ తెచ్చింది, పకోడీలు వేసింది. హన్నెకా తిని బాగున్నాయంది. మెట్ల మీద అడుగుల చప్పుడైతే తలుపు వైపు తిరిగి నవ్వు మొహం పెట్టింది. విమ్ కూడా మోకాళ్లు కూడదీసుకుని లేవబోయాడు. నేనూ చూశాను, అన్నీ తెలిసిన గాడిదని. ఎవరో పై అంతస్తు వాళ్లు దాటుకుని వెళ్లిపోయారు.

భాయ్ తలుపుకి ఎదురుగా చాప మీద కూచున్నాడు. టీ మీద మీగడ కట్టింది, ముట్టుకోలేదు. రెండోసారి అడుగులు వినపడ్డప్పుడు చేత్తో జుట్టు వెనక్కి దువ్వుకున్నాడు, కాలరు సరిచేసుకున్నాడు. భాభీ పోయినప్పట్నుంచీ ఆ మొహం మీద ఏదైనా కదలడం నేను చూడ్డం అదే మొదలు. సుంబుల్ కూడా చూసింది. పకోడీల పళ్లెం పట్టుకుని వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ చప్పుడూ దాటి వెళ్లిపోయింది. భాయ్ మాత్రం తలుపు మీంచి కళ్లు తియ్యలేదు.

రైలు టైమైంది. హన్నెకా మనసు చిన్నబుచ్చుకుని పొట్లం సుంబుల్ చేతిలో పెట్టింది. "నువ్వే తొడుగు అమ్మకి."

"తప్పకుండా" అంది సుంబుల్, రెండు చేతులా తీసుకుని.

వాళ్లిద్దరినీ ముందు మెట్లు దింపి వెనక్కొచ్చాను. చుట్టాల్ని రైలెక్కించకుండా ముస్తకీం భాయ్ ఏ రోజూ ఇంట్లో ఉండిపోలేదు.

"సాబ్, లేవండి. రైలు."

"నువ్వు దింపేసి రా నేత్రా. నేనుంటాను."

"ఏం చేస్తారుండి?"

"ఆలస్యమవుతుందంది కదా."

గ్లాసులు ఏరుతున్న పిన్ని ఆగిపోయింది. "ఎవరికి ఆలస్యం? ఎవరొస్తారని కూచున్నావు బావా?" అంది.

సుంబుల్ పొట్లం మంచం మీద పెట్టింది. "ఖాలా, ఆ పెట్టెలో నా బట్టలన్నీ తీసెయ్. నేను అలీగఢ్ రావడం లేదు" అంది పిన్నితో. వచ్చి చాప మీద తండ్రి పక్కన, తలుపుకి ఎదురుగా కూచుంది. ఆయన కాలికి ఉండిపోయిన రెండో చెప్పు విప్పి పక్కన పెట్టింది.

"ఎంతసేపైనా చూద్దాం అబ్బూ" అంది.