తిహోమీర్ మేస్త్రీ తనకోసం చెక్కుకున్న రాయి

అరంజెలోవాత్స్ ఊరి శ్మశానంలో పెద్ద దారి పక్కనే తిహోమీర్ మేస్త్రీ సమాధి రాయి ఉంటుంది. మేస్త్రీ మాత్రం అక్కడ లేడు, ఇంకా బతికే ఉన్నాడు. ఆ ఊళ్లో చాలామంది బతికుండగానే రాయి నిలబెట్టుకుంటారు: పేరు, పుట్టిన సంవత్సరం, ఒక గీత, దాని పక్కన ఖాళీ. మిగతావాళ్లు డబ్బిచ్చి చేయించుకుంటే, జీవితమంతా సమాధి రాళ్లే చెక్కిన ఈయన ఇంకొకడి ఉలిని నమ్మక అరవయ్యో ఏట తన రాయి తానే చెక్కుకున్నాడు. మూడు నెలలు పట్టింది. భార్య మాత్రం "నీ నల్లరాయి నాకొద్దు, మా అమ్మ పక్కన పడుకుంటాను" అంది, అన్నట్టే తన పుట్టింటి ఊళ్లో మట్టిలో కలిసింది. దాంతో రాయీ, దాని కింద స్థలమూ ఆయనొక్కడివే అయ్యాయి.

ఇప్పుడాయనకు ఎనభై నాలుగు. పక్షవాతంతో ఎడమ వైపు పడిపోయి, మూడున్నరేళ్లుగా ఊరి చివర వృద్ధుల నివాసంలో ఉంటున్నాడు. కూతురు దేసాంక బడి వంటశాలలో పనిచేస్తుంది. భర్త లేడు. లిఫ్టు లేని మేడలో నాలుగో అంతస్తు. కన్నతండ్రిని ఇంట్లో పెట్టుకోలేకపోయిందని ఆడిపోసుకునేవాళ్లకు ఊళ్లో కొదవ లేదు. వాళ్లలో ఒక్కరైనా వచ్చి ఆ నిలువెత్తు మనిషిని ఒక వారం ఎత్తి దించి చూస్తే తెలుస్తుంది.

ఆయన ఇల్లు అమ్మిన సొమ్ముతోనే ఇన్నాళ్లూ అక్కడి ఖర్చు నడిచింది. అది వేసవిలోనే అడుగంటింది. పింఛను సగానికి కూడా చాలదు. ఆ సంగతి దేసాంక తండ్రికి చెప్పలేదు. రెండు నెలలు నిర్వాహకురాలు స్లావోయ్‌కాను బతిమాలుకుంటూ వచ్చింది. ఒక శనివారం ఆవిడ కూడా చేతులెత్తేసింది.

"నాకు మాత్రం సరదానా దేసాంకా? పదిహేనో తారీఖుకి ఆ మంచం వేరేవాళ్లకి మాటిచ్చేశాను."

"పదిహేనంటే గురువారం కదండీ."

"అవును. నేనూ కేలండర్ చూసే చెప్తున్నాను."

ఇక మిగిలింది రాయి ఒక్కటే. వియన్నాలో నలభై ఏళ్లు టైల్స్ పరిచి, చావు మాత్రం సొంతూళ్లోనే అని తిరిగొచ్చిన గ్వోజ్దెన్ ఎప్పటినుంచో దానిమీద కన్నేశాడు. స్థలమూ రాయీ కలిపి కొంటానని, మేస్త్రీ సంతకం ఉంటే చాలని సంతలో రెండుసార్లు ఆపి మరీ చెప్పాడు.

తండ్రిని అడిగే ధైర్యం దేసాంకకు లేదు. ఆదివారం వెళ్లినప్పుడు, మందుల కాగితాల మధ్య స్థలమూ రాయీ గ్వోజ్దెన్ పేరుకు రాసిచ్చే పత్రాన్ని దూర్చింది. ఆమె వేలు ఎక్కడ పెడితే ఆయన అక్కడ సంతకం పెడతాడు. మొదటిది పెట్టాడు. రెండోది పెట్టాడు. మూడో కాగితం మీద కలం ఆగింది. స్థలం నంబరు దగ్గర ఆయన చూపు పడింది. ఆ అంకెలు రాతి మూలన తన చేత్తో కొట్టినవే.

"ఇదేంటి?"

"నాన్నా, అది..."

"చదవడం వచ్చు నాకు. నన్నడక్కుండా ఇదేం పనని అడుగుతున్నా."

"అడిగితే నువ్వేమంటావో తెలుసు."

"అనకముందే నీకెలా తెలిసిందే?"

ఆమె ముఖం తిప్పుకుంది. "డబ్బులైపోయాయి నాన్నా. గురువారం నిన్ను ఇక్కణ్ణించి పంపించేస్తారు."

ఆయన కాగితాన్ని మళ్లీ మొదటినుంచీ చదివాడు. తిడితే బాగుండుననిపించింది దేసాంకకు. చివరికి కాగితాన్ని మంచి చేత్తో దుప్పటి కిందకు తోశాడు.

"ఆ గ్వోజ్దెన్‌ని తీసుకురా. రాయిని నేనమ్ముతాను. నీకు దాని ధర తెలీదు."

మంగళవారం గ్వోజ్దెన్ కాఫీ పొట్లం పట్టుకొచ్చాడు. గది దద్దరిల్లేలా పలకరించాడు.

"ఎలా ఉన్నావు మేస్త్రీ?"

"మెల్లిగా మాట్లాడరా. పడిపోయింది చెయ్యీ కాలూ, చెవులు కాదు."

గ్వోజ్దెన్ చెప్పిన ధరకు మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు. గ్వోజ్దెన్ కొంచెం పెంచాడు. ఈయన మళ్లీ ఊపాడు.

"నీ పేరు గ్రైండరుతో తీయించాలి కదా. ఆ ఖర్చు కూడా నాదే" అన్నాడు గ్వోజ్దెన్.

"అక్షరాలు ఏడు మిల్లీమీటర్ల లోతుకి దిగ్గొట్టాను. అంతా అరగదీస్తే అద్దంలాంటి రాయి రేకై ఊరుకుంటుంది. వెనక్కి తిప్పి నిలబెట్టుకో. ఆ వైపూ మెరుగుపెట్టాను."

"వెనక వైపా? ఎవడు చూస్తాడని?"

"ఎవడూ చూడడు. అయినా పెట్టాను. దానికి వేరే ధర" అంటూ మేస్త్రీ తన లెక్క చెప్పాడు.

"అంత ఇచ్చుకోలేను" అంటూ గ్వోజ్దెన్ టోపీ తీసుకుని లేచాడు. ఎల్లుండే గురువారం. ఎంతిస్తే అంతే పుచ్చుకో నాన్నా అని దేసాంకకు నోటిదాకా వచ్చింది. తండ్రి ఆమె వైపు చూడనైనా లేదు. కిటికీ బయట ఎవరో ఆకులు ఊడుస్తుంటే అదేదో చూడాల్సిన వింతలాగా చూస్తున్నాడు.

గ్వోజ్దెన్ తలుపు దాకా వెళ్లి ఆగాడు.

"మరి నీ పేరు వెనకాల అలాగే ఉండిపోతుందిగా?"

"కంచె వైపు ఉంటుంది. కంచెకి చదువు రాదు."

గ్వోజ్దెన్ నవ్వు ఆపుకోలేకపోయాడు. వెనక్కి వచ్చి, అడిగిన ధరకే ఒప్పుకుని చెయ్యి చాపాడు. మేస్త్రీ దాన్ని గట్టిగా పట్టుకుని ఊపాడు, దుప్పటి కిందనుంచి కాగితం తీసి సంతకం పెట్టాడు. కలం ఈసారి ఎక్కడా ఆగలేదు.

అతను వెళ్లాక దేసాంక మంచం అంచున కూర్చుంది.

"ఎన్ని నెలలొస్తాయే?" అన్నాడు తండ్రి.

"పింఛను కలుపుకుంటే ఇరవై రెండు."

"ఇరవై మూడో నెలకి?"

"ఏదోటి చేస్తాను."

"ఏం చేస్తావు?"

అమ్మడానికి ఇంకేమీ లేదని ఇద్దరికీ తెలుసు.

"సరేలే. ఇరవై రెండు నెలల్లో నా సంగతి ముగించేస్తాను" అన్నాడాయన, ఒప్పుకున్న పని గడువు చెప్పినంత మామూలుగా.

అవేం మాటలు నాన్నా అని ఆమె వెంటనే కసురుకోవాలి. కసురుకోలేదు. ఆ మాట వినగానే ఆమెకు ముందు కలిగింది ఊరట. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.